క్యోటో రాయి, కాజీపేట కత్తి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో మా బాపు వాడిన కత్తి గురించి రాస్తూ, ఇప్పుడు దాన్ని జపాన్ నుంచి వచ్చిన ఒక రాయి మీద నూరుకుంటున్నానని చివర్లో ఒక్క వాక్యం పెట్టాను. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ వాక్యం మీదే. బాపు గురించి ఒక్కరూ అడగలేదు. సరే, ఆయన ఏమీ అనుకోడు. కొత్తగా చదివేవాళ్ల కోసం చెప్తున్నాను: కాజీపేట స్టేషన్ దగ్గర మాది పాత సెలూన్. బాపు తర్వాత నేను కూర్చున్నాను, ఇప్పుడు తమ్ముడి కొడుకు నడుపుతున్నాడు. ఊళ్లో మంగలి కత్తి అనే ఆ మడత కత్తిని మా ఇంట్లో ఉత్త కత్తి అనే అంటాం. వేరే కత్తులకే పేర్లు కావాలి.

అన్నా, సాన రాళ్లు మన దగ్గర లేవా? జపాన్ దాకా ఎందుకు పోవాలి? ఆ రాయిలో అంత గొప్ప ఏముంది?
(హన్మకొండ పాఠకుడు)

నేను పోలేదు తమ్ముడూ. ఒసాకాలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు 2016లో సెలవుకి వస్తూ, బనియన్‌లో చుట్టి చాక్లెట్ల డబ్బా కింద పెట్టి తెచ్చాడు. "మామా, నీకో రాయి తెచ్చిన" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. చుట్టూ గుట్టలే ఉన్న ఊరికి విమానంలో రాయి తెచ్చేవాణ్ణి ఏమంటారు మరి.

ముక్క చిన్నదే. నా అరచేతిలో పడుతుంది. ఒక పక్క చదును, మిగతా పక్కలు విరిగినవి విరిగినట్టే ఉన్నాయి. ఇట్లాంటి తునకల్ని అక్కడ కొప్పా అంటారట. రంగు మబ్బు పట్టిన ఆకాశంలాంటి బూడిద నీలం. దాన్ని అసాగి అంటారు. పసుపు రంగుదైతే కీతా. సన్న సన్న బొక్కలు ఉంటే సుయిటా. నా రాయి వీపు మీద తుప్పు రంగు పొర ఉంది, అది దాని తోలు. జపాన్ వాళ్లూ తోలు అనే అర్థం వచ్చే మాటే వాడతారు, కవా అని.

జపాన్‌లోని క్యోటో నగరానికి పడమటి వైపు కొండల్లో ఇట్లాంటి రాళ్లు తీసే నకయమ, నరుతకి, ఒకుడో, శోబుదాని, ఓహిరా అని గనులు ఉండేవి. చాలామటుకు మూతపడ్డాయి, ధర మండిపోవడానికి అదొక కారణం. ఆ రాయి సుమారు 25 కోట్ల ఏళ్ల కింద లోతైన సముద్రం అడుగున పేరుకున్న మట్టి. నది మోసుకొచ్చే ఇసుక ఒడ్డు దగ్గరే దిగిపోతుంది, నడి సముద్రం దాకా చేరదు. అక్కడికి చేరేది గాలిలో ఎగిరొచ్చే సన్నటి దుమ్ము, పైనుంచి రాలే రేడియోలేరియా అనే కంటికి ఆనని జీవుల గుల్లలు. ఆ గుల్లలు సిలికావి, అంటే గాజు జాతి. ఇదంతా యుగాల తరబడి నొక్కుకుపోయి పలకలు పలకలుగా గట్టిపడింది. గరుకు రేణువు కలవలేదు కాబట్టే కత్తి వాదర మీద, అంటే కోసే అంచు మీద, గీత పడకుండా నూరుతుంది. గొప్ప అంటే అదే, ఇంకేం మహిమ లేదు.

మన దగ్గర సాన రాళ్లు ఎందుకు లేవు? కొడవలికి, గొడ్డలికి బ్రహ్మాండమైనవి ఉన్నాయి. గడ్డం దగ్గరికొచ్చేసరికే పేచీ. బాపు దగ్గర ఒక నల్ల రాయి ఉండేది, ఎవరో రైల్వే గార్డు ఇచ్చాడని చెప్పేవాడు. అది ఏ దేశం రాయో ఆయనకూ తెలియదు. దాని మీద నూరాక కత్తిని ఎడమ అరచేతి మీద అటూ ఇటూ రాసేవాడు. బొటనవేలి కింద ఆ కండ దగ్గర చర్మం పాత రూపాయి బిళ్లలా నున్నగా మెరిసేది. ఆ మెరుపు నా చేతికి రాలేదు, నేను తోలు పట్టాకి అలవాటు పడ్డాను.

సార్, మీ రాయి గ్రిట్ నంబర్ ఎంత? ఆన్‌లైన్‌లో ఒకరు 12000 అంటారు, ఇంకొకరు 30000 అంటారు. ఏది నిజం?
(ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్)

రెండూ కాదు. గ్రిట్ నంబర్ అంటే రాయిలో రేణువు ఎంత సన్నదో చెప్పే లెక్క, నంబర్ పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. ఫ్యాక్టరీ రాయికి నంబర్ ఉంటుంది, ఎందుకంటే ఒకే సైజు రేణువుల్ని వేరు చేసి, జిగురుతోనో కాల్చో ముద్ద చేస్తారు. 1000 అంటే రేణువు పదీ పదిహేను మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), 8000 దగ్గరికొస్తే ఒకటి నుంచి మూడు. కంపెనీని బట్టి లెక్క మారుతుంది. సముద్రం జల్లెడ పట్టి నంబర్ రాసి పెట్టలేదు కదా. మిల్లు పిండికీ ఇసుర్రాయి పిండికీ ఉన్న తేడా అనుకో.

ఇంకో సంగతి ఉంది. ఈ రాయి ఒక్కటే పని చేయదు. మా అమ్మ గంధం చెక్కని సాన మీద అరగదీసినట్టు, ఈ రాయి మీద చిన్న రాయితో రుద్ది గుజ్జు తీయాలి. ఆ చిన్న రాయి పేరు నాగురా. గుజ్జు చిక్కగా ఉంటే రాయి గబగబా కోస్తుంది. నీళ్లు చుక్క చుక్క వేసి పలచన చేస్తూ పోతే అదే రాయి మెత్తబడి మెరుగు పెడుతుంది. ఇప్పుడు చెప్పు, ఏ నిమిషం నంబర్ రాద్దాం?

జపాన్‌లో ఐచి ప్రాంతంలోని మికావా నుంచి వచ్చే తెల్ల నాగురాలకి పెద్ద పేరు. వాటిలో నాలుగు రకాలు: బోతాన్, తెన్జో, మెజిరో, కోమా. గరుకు నుంచి మెత్తన దాకా ఆ వరసలోనే వాడతారు. నాలుగూ కొనే శక్తి నాకు లేదు. నా రాయి నుంచే ఊడిన వేలెడంత ముక్కతో రుద్దుతాను. దాన్ని తోమో నాగురా అంటారు, ఆ జాతిదే అయిన తోడు రాయి.

నేను గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో చేస్తాను కాకా. మా పలకలు అద్దంలా ఉంటాయి. వాటి మీద కత్తి నూరలేమా? రామప్ప గుడి నల్ల రాయి అయితే ఇంకా నునుపు కదా!
(కరీంనగర్)

బిడ్డా, ఈ ప్రశ్న నన్ను యాభై ఏళ్లు వెనక్కి తీసుకుపోయింది. చిన్నప్పుడు మా షాపు మెట్టు షాబాద్ బండది. నీళ్లు పడి పడి నున్నగా ఉండేది. ఒక మధ్యాహ్నం బాపు అన్నానికి పోయినప్పుడు ఆయన కత్తి తీసి ఆ మెట్టు మీద తిప్పి తిప్పి రుద్దాను. కత్తి పదును రాలేదు కానీ, వీపు విమానం మోత మోగింది. షాబాద్ బండ సున్నపురాయి, ఉక్కు కంటే మెత్తన. అది కత్తిని ఏం కోస్తుంది, కత్తే దాన్ని కోస్తుంది.

గ్రానైట్ కథ వేరు. అది గట్టిదే, అందులోని క్వార్ట్జ్ ఉక్కుని గీస్తుంది. కానీ కరిగిన రాయి భూమి లోపల నిదానంగా చల్లారి తయారైంది కాబట్టి రేణువులు కంటికి కనపడేంత పెద్దవి, ఒక్కోటి ఒక్కో గట్టిదనం. మీరు పాలిష్ పట్టాక అవన్నీ తల వంచుకుని కూర్చుంటాయి. కోసే మొన లేదు, కొత్త రేణువు రాలదు. నునుపుగా ఉన్న ప్రతిదీ నూరదు. రామప్పలో మదనికల నల్ల రాయి డోలరైట్. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ బొమ్మల నునుపు చూస్తే ఆ పని చేసినవాళ్ల చేతుల్ని ముద్దు పెట్టుకోవాలనిపిస్తుంది. కానీ నునుపు పట్టించుకున్న రాయి వేరు, నునుపు పట్టే రాయి వేరు. కత్తి జేబులో పెట్టుకుని పాలంపేట పోవద్దు, దండం పెడతా.

అయితే మీ యూనిట్‌లో విరిగిన ముక్క ఒకటి నాకు బంగారం. ఎందుకో చెప్తా. నూరే రాయి మధ్యలో అరిగి గుంట పడుతుంది. గుంట పడ్డ రాయి మీద కత్తి సమంగా ఆనదు. నా దగ్గర అడుగు పొడుగు చాక్లెట్ రంగు కరీంనగర్ పలక ఉంది. దాని మీద తడిపి వాడే 400 నంబర్ ఎమరీ కాగితం పరిచి, నూరే రాయి మీద పెన్సిల్‌తో అడ్డం నిలువు గీతలు గీసి, తిరగేసి రుద్దుతాను. గీతలన్నీ పోతే రాయి చదును అయినట్టు. మధ్యలో గీతలు మిగిలితే ఇంకా గుంట ఉన్నట్టు. మీ పలక అంత చదును పని మామూలు టైల్స్‌లో దొరకదు.

మా తాత కత్తి ట్రంకు పెట్టెలో దొరికింది. సోలింగెన్ అని చెక్కి ఉంది. తుప్పు మచ్చలున్నాయి, అంచు రెండు చోట్ల విరిగింది. దీనికి జపాన్ రాయి కొనాలా అన్నా?
(పరకాల నుంచి ఒక చెల్లె)

కొనొద్దు చెల్లె. ముందు తుప్పు ఎక్కడుందో చూడు. కత్తి పక్కల మీద, వెన్ను మీద (వాదరకి ఎదురుగా ఉండే మందపు అంచు) ఉంటే భయం లేదు, సన్న ఎమరీ కాగితంతో నూనె వేసి రుద్దితే మచ్చ మిగులుతుందేమో కానీ నష్టం లేదు. వాదర దాకా గుంటలు గుంటలుగా తిన్నదంటే మాత్రం ఆ మేరకు ఉక్కు అరగదీయాల్సిందే. సోలింగెన్ జర్మనీలో కత్తులకి పేరుమోసిన ఊరు, ఉక్కు మంచిదే అయి ఉంటుంది.

విరిగిన అంచుకి కావాల్సింది 1000 నంబర్ ఫ్యాక్టరీ రాయి, ఓపిక. అసలు కత్తి పని ముప్పాతిక ఆ 1000 మీదే అయిపోతుంది. రెండు పక్కల వాలు సరిగ్గా కలిసి ఒక గీతగా అయ్యేదాకా అక్కడే ఉండాలి. ముంజేతి మీద వెంట్రుకల దగ్గర కత్తి మడమ (పిడి వైపు చివర) నుంచి మొన దాకా ఒక్కో అంగుళం పెట్టి చూడు. ఎక్కడ కోయకపోతే అక్కడ ఇంకా కలవలేదని అర్థం. అది తేలకుండా 8000 మీదికి పోయినా, క్యోటో రాయి మీదికి పోయినా గోడకి సున్నం వేయకుండా రంగు వేసినట్టే. నా దగ్గరికొచ్చే కత్తుల్లో పదిట్లో ఎనిమిదికి జబ్బు ఇదే.

జపాన్ రాయి కొన్నాను. గంటసేపు నూరినా అద్దం మెరుపు రావడం లేదు, మసక మసకగానే ఉంది. పైగా గడ్డం గీకుతోంది. రాయి మంచిది కాదా?
(మంచిర్యాల)

రెండు వేరు వేరు విషయాలు తమ్ముడూ, కలపొద్దు.

మసకగా ఉండటం దాని గుణం. ఫ్యాక్టరీ 12000 రాయి అద్దం పెడుతుంది. ఈ రాయి పొద్దున పొగమంచు పట్టిన కిటికీలా చేస్తుంది. జపాన్ వాళ్లు దాన్ని కసుమి అంటారు, మంచు తెర అనే అర్థంలోనే. నేనూ మొదట్లో మెరుపు కోసం పిచ్చిపట్టి రుద్దాను. మెరుపు గడ్డం గీయదు.

ఇక గీకుడు. గంటసేపు అన్నావే, అక్కడే దొరికావు. ఈ రాయి మీద నాకు పట్టేది పది నిమిషాలు. నేను చేసేది చెప్తా, నీది పోల్చుకో.

8000 మీద అయిపోయిన కత్తినే తీసుకుంటాను. రాయిని నానబెట్టను, పైన నీళ్లు చల్లుతాను అంతే. తోడు రాయితో రుద్దితే పాల మీగడలాంటి పలచని గుజ్జు వస్తుంది. వెన్ను, వాదర రెండూ రాయికి ఆనించి పెడతాను. వెన్ను లేచిందంటే కోణం పోయినట్టే. వాదర ముందుండేలా, ఏటవాలుగా, మడమ నుంచి మొన దాకా లాగుతాను. చివర కత్తిని వెన్ను మీద తిప్పి వెనక్కి. వాదర మీద తిప్పితే కొంప మునుగుతుంది. పది పదిహేను సార్లయ్యాక గుజ్జు నల్లబడుతుంది. అది మట్టి కాదు, మన ఉక్కు. అప్పుడు వేలు ముంచి రెండు చుక్కలు వేస్తాను. మళ్లీ పది, మళ్లీ రెండు చుక్కలు. చివరికి రాయి మీద నీళ్లు తప్ప ఏమీ ఉండదు. అప్పటికి చేతిలో బలం అన్నదే ఉండకూడదు. కత్తి బరువే కత్తిని నూరాలి.

ఆ చివరి లాగుల్లో చూడు, వాదర ముందు నీటి గీత ఒకటి కదులుతుంది. వాదర బాగా కుదిరితే ఆ నీళ్లు ముందుకి తోసుకుపోకుండా కత్తి మీదికి ఎక్కుతాయి. చప్పుడు కూడా మారుతుంది. మొదట్లో సర్రుమనేది చివరికి పట్టుచీర మడతలా గుసగుసలాడుతుంది. రాయి కత్తిని పట్టుకుని లాగినట్టు చిన్న జిగురు తెలుస్తుంది వేళ్లకి. అక్కడ ఆపేస్తాను.

తర్వాత తోలు పట్టా మీద యాభై అరవై సార్లు. ఇక్కడ వెన్ను ముందుండాలి, వాదర వెనక. రాయికి తిరగబడి. పట్టాని బిగుతుగా లాగి పట్టుకో. వదులైతే వాదర గుండ్రంగా అవుతుంది, గీకుడు మొదలు. నీ సంగతి బహుశా ఇదే, లేకపోతే బలం ఎక్కువ పెడుతున్నావు.

రాయి కొనేటప్పుడు మోసపోకుండా ఏం చూడాలి? గని పేరు ముద్ర ఉంటే చాలా?
(జనగామ)

ముద్ర అంటే రబ్బరు స్టాంపు అన్నా, ఎవడైనా కొడతాడు. నేను మోసపోయాను కాబట్టి చెప్తున్నా. మేనల్లుడు తెచ్చిన ముక్క రుచి మరిగి 2019లో ఆన్‌లైన్‌లో ఒకడి దగ్గర పెద్ద రాయి కొన్నాను. చక్కగా నలుచదరం, మీద నకయమ అని ఎర్ర ముద్ర, చెక్క పెట్టె. కస్టమ్స్, కొరియర్ కలిపి నా రెండు నెలల ఖర్చు. మా ఆవిడకి సగం ధరే చెప్పాను, ఈ కాలమ్ ఆమె చదవదని నా ధైర్యం.

మొదటిసారి కత్తి పెట్టి లాగాను. మధ్యలో టిక్ అంది. రాయి ఎంత నునుపుగా ఉందంటే చప్పుడు నా చెవిదేమో అనుకున్నాను. మళ్లీ లాగాను, మళ్లీ అదే చోట టిక్. రాయి ఆరాక వెలుగుకి ఏటవాలుగా పట్టి చూస్తే వెంట్రుకంత ముదురు గీత ఒక మూల నుంచి మధ్యదాకా పాకి ఉంది. గోరు పెట్టి అడ్డంగా గీస్తే గోరు తట్టుకుంది. చుట్టూ రాయి కంటే అది గట్టిది. భూతద్దంలో కత్తి వాదర చూస్తే రంపం పళ్లు. అమ్మినవాడు వాపసు తీసుకోనన్నాడు. ఇనుప మేకుతో ఆ గీత వెంట గాడి చెక్కి, కత్తికి తగలకుండా చేసి, ఇప్పుడు కూరగాయల కత్తులకి వాడుతున్నాను. అంత ఖరీదైన రాయి మీద నూరిన కత్తితో వంకాయలు తరిగే ఇల్లు వరంగల్‌లో మాదొక్కటే.

అందుకని ముద్ర చూడొద్దు. తడిపిన ఫోటో, ఆరిన ఫోటో రెండూ అడుగు. గీతలుంటే గోరుతో తట్టుకుంటాయా అని అడుగు. కత్తికి కావాలా, వంటింటి చాకుకి కావాలా అని అడగనివాడి దగ్గర కొనకు. గడ్డం కత్తికి గట్టి రాయి కావాలి, వంటింటి చాకుకి కొంచెం మెత్తనిదైనా నడుస్తుంది. మొదటిసారైతే కొప్పా ముక్క చాలు. కత్తి వెడల్పు ఎంతని, దానికి ఇటుకంత రాయి ఎందుకు.

మా రామగుండం ఎండలకి ఈ రాయి పగులుతుందా?

పలకలు పలకలుగా ఉన్న రాయి కాబట్టి పక్కల నుంచి నీళ్లు లోపలికి దిగితే విచ్చుకునే ప్రమాదం ఉంది. తడిసిన రాయిని ఎండలో ఆరబెట్టొద్దు. నీడలో, గాలికి ఆరనివ్వండి. జపాన్‌లో పక్కలకి లక్క పూస్తారు. నేను మా ఆవిడ నెయిల్ పాలిష్ పూశాను. పై ముఖం వదిలేసి చుట్టూ మాత్రమే. ఇప్పుడు నా బూడిద నీలం రాయికి మిరపపండు రంగు అంచు ఉంది, చూడ్డానికి గద్వాల చీరలా. వానాకాలంలో కత్తి గురించి భయపడండి, రాయి గురించి కాదు. వాడాక తుడిచి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క రాయండి.

సెలూన్‌లో గిరాకీలకి ఇట్లాంటి కత్తితో గీస్తే పేరొస్తుంది కదా పెద్దన్నా? రీల్స్ చేస్తే మస్తు వ్యూస్ వస్తాయి.
(హుజూరాబాద్, సెలూన్ నడిపే తమ్ముడు)

వద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. ఒకరి రక్తం ఇంకొకరికి అంటితే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ లాంటివి వస్తాయనే భయంతోనే మనమంతా బ్లేడు సగం విరిచి పెట్టే ఉస్తరాకి మారాం. ఆ మార్పు మంచికే వచ్చింది. కత్తిని మందులో ముంచొచ్చు, రాయినీ తోలు పట్టానీ ఎట్లా ముంచుతావు? ఒక కత్తి, ఒక గడ్డం. బాపు కత్తితో నేను నా గడ్డమే గీసుకుంటాను. తమ్ముడి కొడుక్కి కూడా ఇవ్వను. గిరాకీకి ఎదురుగా కొత్త బ్లేడు కాగితం చింపి చూపించు, ఆ పేరు చాలు.

కత్తి తెస్తే నూరి ఇస్తారా? ఎంత తీసుకుంటారు?
(నలుగురు అడిగారు)

ఇస్తాను. మంగళవారం షాపు బందు కాబట్టి ఆ రోజు పొద్దున రండి. కత్తి మడిచి, పైన దారం చుట్టి తీసుకురండి. పోయిన నెల ఒకాయన లుంగీ మడతలో తెచ్చాడు, మేమిద్దరం ఊపిరి బిగబట్టుకుని బయటికి తీశాం. డబ్బులొద్దు. కరీంనగర్ తమ్ముడు వస్తే మాత్రం, ఒక విరిగిన గ్రానైట్ ముక్క.